వారానికొక చోటు



కిందటేడు మా వారూ నేనూ డెన్మార్క్ దేశం వెళ్లాం. రాజధాని కోపెన్‌హేగన్‌లో మా అమ్మాయి ఉద్యోగం చేస్తోంది. చుట్టపుచూపుగా వెళ్లేవాళ్లని అక్కడ తొంభై రోజులకు మించి ఉండనివ్వరు. సెప్టెంబరు మొదట్లో దిగాం, నవంబరు ఆఖరులో బందరు తిరిగొచ్చేశాం. ఆ మూడు నెలల్లో మాకు పరిచయమైన ఒక పెద్దల జంట గురించి ఈ పూట మీతో మాట్లాడాలనుకుంటున్నాను. వాళ్లది అమెరికా. ఆయనకు డెబ్భై, ఆవిడకు అరవై ఏడు. తమ మత సంఘం తరఫున సేవ చేయడానికి సొంత ఇల్లు తాళం వేసి, సముద్రం దాటి వచ్చి, ఆ ఊళ్లో కాపురం పెట్టారు. వాళ్ల పేర్లు నేను చెప్పను. పెద్దాయన, ఆవిడ అంటాను. వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది ఒక్కటే సంగతి. అది చెప్పడానికే ఈ ప్రసంగం.

మొదటి వారమంతా మేం ఇల్లు కదల్లేదు. అమ్మాయి, అల్లుడు ఎనిమిదింటికల్లా వెళ్లిపోయేవారు. మేమిద్దరం కిటికీ దగ్గర కూర్చుని, కింద బారులు తీరి పోయే సైకిళ్లని చూస్తూ, ఇండియాలో టైమెంతయిందో లెక్క వేసుకుంటూ గడిపేవాళ్లం. పిల్లల దగ్గరికి విదేశాలకు వెళ్లొచ్చిన పెద్దవాళ్లకు ఈ సంగతి నేను విడమరిచి చెప్పక్కర్లేదు. రెండో వారంలో మా అమ్మాయి పోరు పడలేక, ఊరి మధ్యలో ఉన్న పెద్ద చర్చి చూడటానికి బయల్దేరాం.

దాన్ని వోర్ ఫ్రూ కీర్కె అంటారు. మేరీమాత పేరు మీద కట్టిన ఆలయం. 1807లో ఇంగ్లీషు నౌకాదళం ఈ నగరం మీద నిప్పుల వాన కురిపించినప్పుడు పాత చర్చి కాలిపోయింది. దాని చోటనే హాన్సెన్ అనే వాస్తుశిల్పి కొత్తది కట్టాడు. 1829లో ప్రతిష్ఠ జరిగింది. లోపల గోడలన్నీ తెలుపు. రంగుల బొమ్మలేవీ లేవు. ఇటు ఆరుగురు, అటు ఆరుగురు, క్రీస్తు శిష్యుల పాలరాతి విగ్రహాలు నిలువెత్తుకు మించి ఉన్నాయి. ఎదురుగా బలిపీఠం దగ్గర క్రీస్తు. రెండు చేతులూ కొంచెం కిందికి చాచి, తల వంచి, దగ్గరకు రమ్మని పిలుస్తున్నట్టుంటాడు. వీటిని రూపుదిద్దినవాడు బెర్టెల్ థోర్వాల్సెన్ అనే డెన్మార్క్ శిల్పి. తల వంచి ఉండటం వల్ల దూరాన నిలబడితే ఆ ముఖం సరిగా కనిపించదు. పాదాల దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని తలెత్తితేనే చూపు కలుస్తుందని అక్కడివాళ్లు చెబుతారు.

మేం క్రీస్తు దగ్గర కంటే, ఆయన శిష్యుల్లో ఒకడైన తోమా దగ్గర ఎక్కువసేపు నిలబడిపోయాం. ఆ విగ్రహం చేతిలో వడ్రంగివాళ్లు వాడే మూలమట్టం ఉంది. మా వారు ఉద్యోగంలో ఉండగా కొన్నేళ్లు మద్రాసులో పనిచేశారు. మైలాపూరు శాంథోమ్ చర్చి, సెయింట్ థామస్ మౌంట్ ఆయనకు బాగా తెలిసిన చోట్లు. ఈయన మన దేశం వచ్చాడంటారే, ఆయనేనా అని నాతో అంటుంటే, వెనకాల బల్ల మీద కూర్చున్న ఒకావిడ లేచి వచ్చింది. తెల్లటి జుట్టు, పొడుగాటి కోటు, కోటు మీద నల్లటి చిన్న పేరు బిళ్ల. ఈ విగ్రహం ముందు ఇంతసేపు నిలబడ్డవాళ్లని ఎప్పుడూ చూడలేదు, కారణం చెబుతారా అని అడిగింది. మా వారు చెప్పారు. ఆవిడ సంచిలోంచి అట్ట వేసిన చిన్న నోటు పుస్తకం తీసి, మద్రాసు, మైలాపూరు, తోమా అని అక్షరాలు అడిగి మరీ రాసుకుంది. ఈ చర్చికి ఇది ఆరోసారి రావడం, ఈ శిష్యుడు మీ దేశం వచ్చాడంటారని ఈరోజే తెలిసింది అంటూ దూరంగా ఉన్న భర్తను చేత్తో పిలిచింది.

పరిచయం అలా మొదలైంది.

వాళ్లు కడవరి దిన పరిశుద్ధుల యేసు క్రీస్తు సంఘానికి చెందినవాళ్లు. లోకం వాడుకలో మోర్మన్లు అంటారు. అమెరికాలో యూటా రాష్ట్రం, సాల్ట్ లేక్ సిటీ వాళ్ల కేంద్రం. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, అమ్మాయిలు తెల్ల చొక్కాలు, పేరు బిళ్లలతో జంటలు జంటలుగా ఊళ్లు తిరుగుతుంటారే, ఆ సంఘం. మన హైదరాబాదులో, విశాఖలో, రాజమండ్రిలో కూడా వాళ్ల విశ్వాసులున్నారు. అయితే ఆ సంఘంలో పెద్దవాళ్లకు కూడా మిషన్ ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఏర్పాటు ఇలా ఉంటుంది. పిల్లలు ఎదిగిపోయి, ఉద్యోగాల నుంచి రిటైరై, ఆరోగ్యం బాగున్న భార్యాభర్తలు ఇద్దరూ కలిసి పేరు ఇస్తారు. ఆరు నెలలకు, ఏడాదికి, ఏడాదిన్నరకు, ఇరవై మూడు నెలలకు, ఎంత కాలం వెళ్లగలమో తామే చెప్పుకోవచ్చు. ఎక్కడికి వెళ్లాలనుందో కూడా చెప్పుకోవచ్చు గానీ, చివరి మాట సంఘానిది. జీతం ఉండదు. ఇంటద్దె, తిండి, ఖర్చులు చాలావరకు సొంత డబ్బే. కుర్రవాళ్లకు ఉన్నట్టు గంటగంటకూ కట్టుబాట్లు వీళ్లకు ఉండవు. వీధుల్లో నిలబడి బోధించాలన్న నియమమూ లేదు. ఆఫీసు పని, సహాయ కార్యక్రమాలు, పాత రికార్డులు భద్రపరచడం, ఊళ్లోని చిన్న సంఘాలకు తోడుగా ఉండటం లాంటి పనులు ఇస్తారు. మా వాళ్లిద్దరూ పద్దెనిమిది నెలలకు వచ్చారు. పెద్దాయన హైస్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేశారు. ఆవిడ నర్సు.

మరి కోపెన్‌హేగనే ఎందుకు? దానికి ఒక చరిత్ర ఉంది.

1849 జూన్‌లో డెన్మార్క్‌కు కొత్త రాజ్యాంగం వచ్చింది. ప్రజలకు నచ్చిన మతం ఆచరించుకునే స్వేచ్ఛ అందులో ఉంది. ఏడాది తిరిగేసరికి, 1850 జూన్‌లో, యూటా నుంచి ఎరాస్టస్ స్నో అనే మిషనరీ మరికొందరితో కలిసి కోపెన్‌హేగన్‌లో దిగాడు. ఆగస్టులో తొలి బాప్తిస్మాలు ఊరి పక్కనున్న ఓరెసుండ్ జలసంధి నీళ్లలో జరిగాయి. మరుసటేడు మోర్మన్ గ్రంథం డేనిష్‌లోకి వచ్చింది. ఇంగ్లీషు కాకుండా ఆ గ్రంథం అచ్చయిన మొదటి భాష డేనిషే. ఆ తర్వాత వలస మొదలైంది. 1853 జనవరిలో ఫారెస్ట్ మొనార్క్ అనే ఓడలో లివర్‌పూల్ నుంచి దాదాపు 300 మంది స్కాండినేవియా వాళ్లు ఒక్కసారిగా బయల్దేరారు. కోపెన్‌హేగన్ నుంచి చిన్న ఓడల్లో జర్మనీ తీరానికి, అక్కడి నుంచి ఇంగ్లండుకు, మళ్లీ అట్లాంటిక్ మీదుగా అమెరికాకు. 1869లో రైలు పూర్తయ్యేదాకా, దిగిన తర్వాత మైదానాల గుండా ఎడ్లబళ్ల పక్కన నడక. కొందరు తోపుడుబళ్లు లాక్కుంటూ నడిచారు. అలా వెళ్లినవాళ్లలో పెద్దాయన తాతగారి తాత ఒకరు. ఇరవై రెండేళ్ల చెప్పులు కుట్టే కుర్రవాడు.

మొదటిసారి ఆయన మమ్మల్ని తీసుకెళ్లింది హార్బరు ఒడ్డుకి. అక్కడ క్రిస్టీనా అనే కంచు విగ్రహం ఉంది. అలా వలసపోయిన వాళ్ల జ్ఞాపకంగా డెనిస్ స్మిత్ అనే శిల్పి చేసిన యువతి బొమ్మ. 2000లో నిలిపారు. ఆ పిల్ల సముద్రం వైపు చూస్తూ నిలబడి ఉంటుంది. టూరిస్టులంతా 1913లో పెట్టిన మత్స్యకన్య దగ్గర గుమిగూడి ఫోటోలు తీసుకుంటుంటారు. ఈ పిల్ల దగ్గర మాత్రం మేం నలుగురమే ఉన్నాం. పెద్దాయన టోపీ తీసి పట్టుకుని, మా తాత ఈ నీళ్లు చూసి బయల్దేరినప్పుడు తిరిగొస్తానని అనుకుని ఉండడు, ఆయన రాలేకపోయాడు కాబట్టి నేనొచ్చాను అన్నారు. కాశీలో పిండం పెట్టి వచ్చిన మా నాన్నగారి ముఖం నాకు ఆ క్షణంలో గుర్తొచ్చింది.

ఇక వాళ్ల పని. పేరు గొప్పగా ఉన్నా చేసేవి ఇంటి పనుల్లాంటివి. కుర్ర మిషనరీలకు అద్దె ఇళ్లు వెతకడం, ఒప్పందాలు రాయించడం, ఖాళీ చేసిన ఇంటిని కడిగి అప్పజెప్పడం, మంచాలు, పరుపులు మూడంతస్తుల మెట్లమీదుగా మోయించడం, జ్వరం వచ్చిన కుర్రాడికి జావ కాచి పట్టుకెళ్లడం. ఆవిడ నర్సు కావడంతో ఊరంతా ఉన్న పిల్లలు చలికాలం మొదలవగానే ఫోన్లు చేసేవారు. వారంలో రెండు రోజులు మాత్రం వంశవృక్షాల పని. యూటా నుంచి ఎవరో మా పూర్వీకుల ఊరేదో చెప్పండని రాస్తారు. వీళ్లు పాత చర్చి రిజిస్టర్లలో వెతుకుతారు.

ఒకరోజు ఆ పని పక్కన కూర్చుని చూశాను. డెన్మార్క్ ప్రభుత్వ ఆర్కైవ్స్ ఆ రిజిస్టర్లన్నీ ఫోటోలు తీసి ఎవరైనా చూసుకునేలా పెట్టింది. ముక్కుతో రాసినట్టుండే ఇరుకు అక్షరాలు, సిరా పాకిన పేజీలు. అప్పటి డేనిష్ పల్లెల్లో ఇంటిపేరు అనేది నిలకడగా ఉండేది కాదు. హాన్స్ కొడుకు హాన్సెన్. ఆ హాన్సెన్ పేరు యెన్స్ అయితే, ఆయన కొడుకు యెన్సెన్. కూతురయితే యెన్స్‌డాటర్. తరం మారగానే పేరు మారిపోతుంది. ఒక్క ఊళ్లో పది మంది యెన్స్ హాన్సెన్‌లు ఉంటారు. మన ఇంటిపేరు, గోత్రం గురించి చెబితే ఆవిడ రెప్ప వేయకుండా విని, మీ పూర్వీకులు ఎంత ముందుచూపు గలవాళ్లు అంది. మా ఇంటిపేరు కూడా పుస్తకంలో రాసుకుంది.

ఆ నోటు పుస్తకం గురించి చెప్పాలి. నా ప్రసంగానికి అదే ఆయువుపట్టు.

ఆ ఊరికి వచ్చిన మొదటి వారంలో ఇద్దరూ ఒక నియమం పెట్టుకున్నారు. ప్రతి శనివారం, అంతకుముందు చూడని ఒక చోటికి వెళ్లాలి. వానొచ్చినా, మంచు పడినా సరే. ఒక్క చోటే, హడావుడి లేకుండా. వెళ్లినచోట అక్కడి మనిషి ఒకరితో మాట్లాడాలి. ఇంటికొచ్చాక ఒక పేజీలో నాలుగు సంగతులు రాయాలి. ఎలా వెళ్లాం, ఏం చూశాం, ఎవరితో మాట్లాడాం, తెలియనిది ఏం తెలిసింది. అంతే. మేం కలిసేనాటికి యాభైకి పైగా పేజీలు నిండాయి. తర్వాత పది శనివారాలు మేమూ వాళ్లతో నడిచాం.

ఒక శనివారం రుండెటోర్న్ ఎక్కాం. గుండ్రని బురుజు అని అర్థం. నాలుగో క్రిస్టియన్ రాజు ఖగోళ శాస్త్రజ్ఞుల కోసం కట్టించాడు. 1642లో పూర్తయింది. ఎత్తు దాదాపు 35 మీటర్లు. కానీ చివర కొద్దిపాటి తప్ప మెట్లు లేవు. 209 మీటర్ల పొడవున ఇటుకలు పరిచిన వెడల్పాటి వాలు దారి ఏడున్నర చుట్లు తిరుగుతూ పైకి పోతుంది. 1716లో రష్యా చక్రవర్తి పీటర్ ఆ దారిన గుర్రమెక్కి పైదాకా వెళ్లాడట. మోకాళ్ల నొప్పులతో ఇంద్రకీలాద్రి మెట్లు మానేసిన దాన్ని నేను. ఆ చివరి మెట్లు తప్ప మిగతాదంతా తేలిగ్గా నడిచేశాను. సగం దారిలో కిటికీ అరుగు మీద నలుగురం కూర్చున్నాం. తెల్లటి గోడ, లోపలికి వాలిన ఎండ, పైనుంచి పరుగెత్తుకుంటూ దిగే పిల్లల కేకలు. ముసలివాళ్లు ఎక్కగలిగిన శిఖరం ఇది అన్నారు పెద్దాయన తృప్తిగా.

మరో శనివారం లోకల్ రైల్లో హిల్లెరోడ్ అనే ఊరు వెళ్లాం. అక్కడ చెరువు మధ్యలో ఫ్రెడెరిక్స్‌బోర్గ్ కోట ఉంది. 1859లో అది కాలిపోతే, కార్ల్స్‌బెర్గ్ బీరు కంపెనీ స్థాపకుడు యాకబ్సెన్ దాన్ని తిరిగి నిలబెట్టడానికి డబ్బిచ్చాడు. అందులో రాజుగారు ప్రార్థన చేసుకునే గదికి కార్ల్ బ్లాక్ అనే చిత్రకారుడు క్రీస్తు జీవితంలోని 23 ఘట్టాలు గీశాడు. పధ్నాలుగేళ్లు పట్టింది. ఆవిడ ఆ గదిలోకి అడుగుపెట్టగానే నోటి మీద చెయ్యి పెట్టుకుంది. చిన్నప్పుడు యూటాలో తమ చర్చి గోడల మీద, పుస్తకాల్లో, క్యాలెండర్లలో చూస్తూ పెరిగిన బొమ్మలన్నీ అవే. మన ఇళ్లలో రవివర్మ లక్ష్మి, సరస్వతి పటాలు చూస్తూ పెరిగి, ఒకనాడు అసలు చిత్రం ముందు నిలబడితే ఎలా ఉంటుందో, అలా ఉంది ఆవిడకు. కొండ మీద చెప్పిన బోధ బొమ్మ ముందు అరగంట కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు.

నోరెబ్రో పేటలో అసిస్టెన్స్ శ్మశానవాటిక ఉంది. కథల తాత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్, తత్వవేత్త కీర్కెగార్డ్ సమాధులు అక్కడే. ఊళ్లోవాళ్లు అందులో పిల్లల్ని తోపుడుబళ్లలో తిప్పుతారు, చెట్ల కింద దుప్పటి పరుచుకుని చదువుకుంటారు. మా వారికి మొదట కాళ్లు రాలేదు. లోపలికి వెళ్లాక రెండు గంటలు బయటికి రాలేదు. ఆ దారిలోనే ఒక పెద్దావిడ మూడు చక్రాల సైకిలు బండి ముందు సీట్లో దుప్పటి కప్పుకుని కూర్చుని పోతుంటే చూశాం. తొక్కేది ఒక కుర్రాడు. వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లను అలా ఊరు తిప్పే స్వచ్ఛంద సేవ అది. 2012లో ఓలె కాసో అనే ఆయన ఇదే నగరంలో మొదలుపెట్టాడు, ఇప్పుడు చాలా దేశాలకు పాకింది. పెద్దాయన ఆ కుర్రాణ్ణి ఆపి, వచ్చిన నాలుగు డేనిష్ ముక్కల్లో సంగతులన్నీ అడిగారు. ఆ శనివారం పేజీలో మాట్లాడిన మనిషి అతనే.

ఆ డేనిష్ కోసం ఆయన పడ్డ శ్రమ చెప్పాలి. ఆ భాషలో అంకెలు ఇరవైల లెక్కన నడుస్తాయి. యాభైని రెండున్నర ఇరవైలు అన్నట్టు చెబుతారు. డెబ్భై అంటే మూడున్నర ఇరవైలు. జీవితమంతా లెక్కలు చెప్పిన మనిషి, రొట్టెల కొట్లో ధర అడిగి వేళ్ల మీద ఇరవైలు లెక్కపెట్టుకునేవారు. కొట్టు అమ్మాయి ఇంగ్లీషులో చెబుతానన్నా ఒప్పుకునేవారు కాదు. మనం వాళ్లింటికొచ్చాం, వాళ్ల మాట మనం నేర్చుకోవాలి అనేవారు.

కష్టాలు లేవని కాదు. నవంబరు వచ్చేసరికి మధ్యాహ్నం నాలుగింటికే చీకటి పడేది. జూన్‌లో రాత్రి పదింటిదాకా వెలుతురుండే ఊరు అది. ఆ చీకటి గుండెల్లోకి దిగుతుంది. ఆవిడకు మనవరాలు పుట్టింది. బిడ్డను మొదట చూసింది మెట్రో రైల్లో, ఫోన్లో. డ్రైవరు లేకుండా తిరిగే ఆ రైల్లో, ముందు అద్దం దగ్గర నిలబడి ఆవిడ ఏడుస్తుంటే, నేను చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఏ సంఘమైనా, ఏ దేశమైనా నానమ్మ గుండె ఒకటే.

మీలో కొందరికి ఈపాటికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. మిమ్మల్ని మతం మారమన్నారా అని. మిషనరీ అనే మాటకు మన దగ్గర రకరకాల అర్థాలు, వాదాలు ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న న్యాయమైనదే. సమాధానం దాచుకోకుండా చెబుతాను. వాళ్లను ఒకసారి మా అమ్మాయి ఇంటికి భోజనానికి పిలిచాం. వాళ్లు కాఫీ, టీ ముట్టరు. అది వాళ్ల నియమం. అందుకని మిరియాల పాలు కాచి ఇచ్చాను. తాగుతూ ఆవిడ, నేను నమ్మేది మీకు చెప్పవచ్చా అని అడిగింది. చెప్పండన్నాను. ఐదు నిమిషాలు చెప్పింది. తర్వాత, ఇప్పుడు మీరు నమ్మేది చెప్పండి అంది. పెరట్లో తులసి కోట దగ్గర మా అత్తగారు కార్తీకమాసంలో దీపం పెట్టే దగ్గర నుంచి మొదలుపెట్టి నేను చెప్పుకొచ్చాను. మిరియాల పాలు ఎలా కాయాలో కూడా రాసుకుంది. ఫ్రెడెరిక్స్‌బెర్గ్ పేటలో వాళ్ల దేవాలయం ఉంది. 1931 నాటి ఎర్ర ఇటుకల ప్రార్థనా మందిరాన్ని మార్చి 2004లో దేవాలయంగా ప్రతిష్ఠించారు. ప్రతిష్ఠ అయ్యాక లోపలికి వాళ్ల సంఘస్థులకే ప్రవేశం. ఆ సంగతి ముందే చెప్పి, బయట తోట దాకా తీసుకెళ్లి చూపించారు. మనకూ కొన్ని గుళ్లలో గర్భగుడి గడప దాటనివ్వరు కదా, మాకు చిన్నతనం అనిపించలేదు. వాళ్ల నమ్మకం వాళ్లది, మాది మాది. వాటి మధ్య దాపరికం లేదు, అందుకే స్నేహం కుదిరింది.

తెలుగు చెప్పుకుని బతికినదాన్ని కాబట్టి ఆ ఊరితో మన భాషకున్న సంబంధం కూడా వాళ్లకు చెప్పాను. 1620 నుంచి డేనిష్‌వాళ్లు తమిళ తీరంలోని తరంగంబాడిలో వర్తకం చేశారు. 1706లో ఆ దేశపు రాజు నాలుగో ఫ్రెడరిక్ పంపిన మిషనరీలు అక్కడ దిగారు. ఆ పనిని నడపడానికి 1714లో కోపెన్‌హేగన్‌లో ఒక కార్యాలయమే ఏర్పాటు చేశారు. అదే మిషన్‌లో పనిచేయడానికి 1719లో తరంగంబాడి వచ్చిన జర్మన్ బెంజమిన్ షుల్జ్ తర్వాత మద్రాసు చేరి తెలుగు నేర్చుకున్నాడు. వ్యాకరణం రాసుకున్నాడు. తిరిగి వెళ్లి 1746లో జర్మనీలోని హాలె పట్నంలో తెలుగు పుస్తకం అచ్చు వేయించాడు. తెలుగు లిపి అచ్చుకెక్కింది అప్పుడే. ఆయన వచ్చిన పని బోధించడం. కానీ ముందు ఆయన విద్యార్థి కావలసి వచ్చింది. మద్రాసు వీధుల్లో ఎవరెవరి దగ్గరో కూర్చుని మన అక్షరాలు దిద్దుకోవలసి వచ్చింది. రొట్టెల కొట్లో ఇరవైలు లెక్కపెట్టే పెద్దాయనను చూసినప్పుడల్లా నాకు షుల్జ్ గుర్తొచ్చేవాడు.

నాకు అర్థమైన సంగతి ఇదీ. ఆ దంపతులకు వారమంతా చేసే సేవా, శనివారం చేసే నడకా రెండూ ఒకే పని. మొదట్లో నేను నడకను సరదా అనుకున్నాను. కానీ ఆ ఊరి వీధులు కాళ్లకు తెలిసినకొద్దీ, ఆ ఊరి మనుషుల బాధ కూడా వాళ్లకు తెలిసింది. ఏ పేటలో మెట్లు ఎక్కువో, ఏ వీధిలో ఒంటరి ముసలివాళ్లు ఉన్నారో, ఏ చర్చి ఎప్పుడు కాలి మళ్లీ లేచిందో తెలిసిన మనిషి చేసే సాయం వేరుగా ఉంటుంది. తెలుసుకోవడమే గౌరవించడం. గౌరవం లేని సేవ ఎవరికీ అక్కర్లేదు.

మన పెద్దలు బాధ్యతలు తీరాక వానప్రస్థం అన్నారు. ఇల్లు విడిచి బయల్దేరమన్నారు. ఇప్పుడు మనలో చాలామందిమి బాధ్యతలు తీరాక టీవీ ముందు కూర్చుంటున్నాం. పిల్లల కోసం వేల మైళ్లు విమానంలో వెళ్లి, ఆ ఊరి పేరు తప్ప ఊరు చూడకుండా తిరిగొస్తున్నాం. పిల్లలకు తీరిక లేదని బాధపడుతున్నాం. మన దగ్గర ఉన్నంత తీరిక ఇంకెవరి దగ్గరా లేదన్న సంగతి మరిచిపోతున్నాం.

బందరు తిరిగొచ్చాక మేమూ ఒక నోటు పుస్తకం కొన్నాం. 1605లో డచ్చివాళ్లు మా ఊళ్లో వర్తక స్థావరం పెట్టారు. వాళ్ల సమాధులు ఊళ్లోనే ఉన్నాయి. ముప్పై నాలుగేళ్లు ఇదే ఊళ్లో పాఠాలు చెప్పాను, ఆ సమాధుల గేటు ముందు నుంచి ఎన్నోసార్లు వెళ్లాను, లోపల అడుగు పెట్టలేదు. మొదటి ఆదివారం అక్కడికే వెళ్లాం. రాళ్ల మీద చెక్కిన పేర్లు, వంశ చిహ్నాలు వేళ్లతో తడిమి చూశాం. ఎక్కడి నుంచో వచ్చి మా మట్టిలో కలిసిపోయిన వాళ్లు. వాళ్ల ఊళ్లో కూడా ఏ మునిమనవడో రిజిస్టర్లు తిరగేస్తూ, మా తాత ఏమయ్యాడని వెతుకుతున్నాడేమో అనిపించింది. మేం మాట్లాడిన మనిషి పక్క సందులో సోడా కొట్టు నడిపే ఆయన. ఆ రాళ్ల గురించి ఆయనకు తెలిసినంత నాకు తెలియదు.

ఈ మార్చిలో ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. పద్దెనిమిది నెలలు పూర్తయ్యాయి, యూటా చేరాం, మనవరాలిని ఎత్తుకున్నాను అని రాసింది. పుస్తకం చివరి పేజీ ఫోటో కూడా పంపింది. చివరి శనివారం మళ్లీ వోర్ ఫ్రూ కీర్కెకే వెళ్లారట. తోమా విగ్రహం దగ్గర నిలబడ్డ ఒక జపాన్ దంపతులకు మైలాపూరు కథ చెప్పారట.

ఈ ప్రసంగం వింటున్న నా వయసువారికి ఒక విన్నపం. మీరు హైదరాబాదులో ఉన్నా, అమలాపురంలో ఉన్నా, అమెరికాలో పిల్లల ఇంట్లో ఉన్నా సరే, వారానికొక చోటు చూడండి. ఇద్దరుంటే ఇద్దరూ కలిసి, ఒక్కరే ఉంటే ఒక స్నేహితుణ్ణో, స్నేహితురాలినో తోడు తీసుకుని వెళ్లండి. అక్కడి మనిషితో మాట్లాడండి. తెలిసింది నాలుగు ముక్కలు రాసుకోండి. ఆ ఊరికి మీ చేతనైన పని ఏదైనా ఉంటే, అది మీకే కనపడుతుంది.

వచ్చే ఆదివారం మేం ఘంటసాల బౌద్ధ స్తూపం చూడటానికి వెళ్తున్నాం. మా పుస్తకంలో అది పంతొమ్మిదో చోటు.